కాసిమేడు నుంచి పులికాట్ దాకా: కడలి అడుగున కట్టే దిబ్బల వెంట

ఆదివారం, పెరంబూరు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ట్రాలర్లు ఒడ్డున కట్టేసి ఉండే ఆ కాలంలోనే చెన్నై తీరం చూడాలని కోరి బయలుదేరాను. సముద్రపు అడుగున దిమ్మలు దించి చేపలకు నిలువనీడ కల్పించే పని గురించి అడిగితే, దానివల్ల లాభపడేవారికీ ఇబ్బందిపడేవారికీ జవాబు చెప్పే తీరిక ఉండేది ఆ రోజుల్లోనే. ముఖ్యంగా నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటే: కృత్రిమ దిబ్బలను వాడి పారేసిన వస్తువులతో కట్టవచ్చునని అందరూ అంటారు కదా, ఆ వస్తువుల్లో నిజంగా సముద్రంలో నిలిచేవి ఏవి?

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి పెరంబూరులోని పిన్ని ఇంటికి చేరేసరికి ఎండ మండిపోతోంది. బాబాయి అక్కడి కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు కనుక, రాత్రి భోజనాల దగ్గర న్యూయార్క్ మెట్రో పెట్టెల కథ ఎత్తాను. 2001 నుంచి అమెరికాలోని డెలావేర్ తీరంలో, పాతబడిన ‘రెడ్‌బర్డ్’ పెట్టెలను చక్రాలు, కిటికీలు తీసేసి వందల సంఖ్యలో సముద్రంలో దించారు. మామూలు ఉక్కుతో చేసిన ఆ పెట్టెలు బాగానే నిలిచాయి, చేపలూ చేరాయి. తరువాత న్యూజెర్సీ దగ్గర దించిన స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలు మాత్రం కొన్ని నెలల్లోనే కూలిపోయాయి. తుప్పు పట్టని లోహం ముందుగా కూలడమేమిటని నేను ఆశ్చర్యపోతే, బాబాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టి, “రేకు తుప్పు పట్టకపోవచ్చు నాయనా, అతుకు సంగతేమిటి? పెట్టె నిలబడేది అతుకుల మీద కదా” అన్నారు. కారణం అదేనని నేను రూఢిగా చెప్పలేను కానీ, ఆ తరువాత ఎక్కడ ఏ దిమ్మను చూసినా నా కళ్లు ముందు అతుకుల కోసమే వెతికాయి.

సోమవారం, కాసిమేడు

తెల్లవారుజామున రాయపురం మీదుగా కాసిమేడు చేపల హార్బరుకు చేరాను. ఒడ్డు నుంచి పడవల మీదుగానే నడిచి అవతలి గోడ దాకా పోవచ్చునన్నంత ఒత్తుగా ట్రాలర్లు కట్టి ఉన్నాయి. వీటిలో పనిచేసే కళాసీల్లో శ్రీకాకుళం, నెల్లూరు తీరాల నుంచి వచ్చిన తెలుగువారు తక్కువేమీ కాదు. నిషేధం మొదలవగానే చాలామంది ఊళ్లకు వెళ్లిపోతారు. రంగులు వేయడానికీ, పలకల సందులు పూడ్చడానికీ కొందరు ఉండిపోతారు. భావనపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వల నీడలో కూర్చుని తెగిన కళ్లు అల్లుకుంటూ నా ప్రశ్న విన్నాడు.

“రాయున్న సోట సేపుంటాదని మా తాతలకీ తెలుసు బాబూ. రాయి కాడ గాలమే వేత్తాం, వల వెయ్యం. వల వేత్తే సిరిగి సేతికొత్తాది. మీరు కొత్తగా రాళ్లేత్తే గాలపోళ్లకి పండగే. మా ఓనరు ఒప్పుకోవద్దేటి?”

కృత్రిమ దిబ్బ రాజకీయమంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. 1983 నాటి తమిళనాడు సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం తీరానికి దగ్గరి జలాలను నాటు పడవలకు విడిచిపెట్టింది కానీ, రాత్రిపూట ఆ హద్దు దాటి వచ్చే ట్రాలర్లను కాగితం ఆపదు. అడుగున కాంక్రీటు దిమ్మలుంటే వల చిక్కుకుంటుందన్న భయం ఆపుతుంది. చిన్న పడవలవారు దిబ్బలు కావాలని అడగడానికి చేపలు ఎంత కారణమో ఇదీ అంత కారణం.

పడవల పక్కలకు పాత లారీ టైర్లు వేలాడుతున్నాయి. ఒకదాన్ని దగ్గరగా చూశాను. అంచున రబ్బరు ఊడి లోపలి ఉక్కుతీగ బయటపడింది, దాని తుప్పునీరు పడవ పలక మీద గోధుమరంగు చార గీసింది. ఇలాంటి టైర్లనే 1972లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ ఎదుట, దాదాపు ఇరవై లక్షల దాకా, మోపులు కట్టి సముద్రంలో పడేశారు. చెత్త తగ్గుతుంది, చేపలు పెరుగుతాయి అనుకున్నారు. కట్టిన నైలాన్ పట్టీలు తెగాయి, ఉక్కు క్లిప్పులు తుప్పుపట్టి ఊడాయి, విడిపోయిన టైర్లు తుపానుల్లో దొర్లుతూ పక్కనున్న సహజమైన పగడాల దిబ్బలను కొట్టాయి. కదిలే వస్తువు మీద ఏ జీవీ నిలకడగా పెరగదు కనుక టైర్ల మీద కొత్త ప్రాణీ పెద్దగా చేరలేదు. 2007 నుంచి సైనిక డైవర్లు కూడా దిగి వాటిని పైకి తీసే పనిలో పడ్డారు. అక్కడా తెగినవి అతుకులే. ఆ ముచ్చట చెబితే పెద్దాయన నవ్వి, మా తుపానుకు ఇనప లంగరే నిలవదు, టైరెంత అన్నాడు.

మంగళవారం, కొడుంగైయూర్, ఎన్నూరు

చెన్నై కార్పొరేషన్ కూల్చిన కట్టడాల శిథిలాలను శుద్ధి చేసే కేంద్రాలను పెరుంగుడిలోనూ కొడుంగైయూర్‌లోనూ పెట్టింది. శిథిలాలను యంత్రంలో పిండి చేసి, అయస్కాంతంతో ఇనుము లాగేసి, కడిగి, జల్లించి కంకరగా మారుస్తారు. అలాంటి కంకర రాయి ఒకటి చేతిలోకి తీసుకుంటే ఒకవైపు నల్లరాయి, మరోవైపు దానిని వదలని పాత సిమెంటు పొర, ఆ పొర మీద ఎవరింటి గోడదో నీలిరంగు పెచ్చు కనిపించాయి. ఆ పాత పొరే ఈ కంకర బలహీనత. అది నీటిని పీల్చుకుంటుంది, ఉప్పునూ లోపలికి రానిస్తుంది. ఆ రంగులో ఏమేమి కలిసి ఉందో చెప్పగలిగినవారూ ఉండరు. శిథిలాలను తిన్నగా లారీలో తీసుకుపోయి సముద్రంలో పోస్తే దిబ్బ అవుతుంది కదా అనేవారు ఈ రాయిని ఒకసారి చేతిలో తిప్పి చూడాలి.

అక్కడి నుంచి ఎన్నూరు. కొసస్థలై ఏరు సముద్రంలో కలిసే ఉప్పుటేటి గట్టున బూడిద కనిపించడానికి వెతకనక్కర్లేదు. థర్మల్ కేంద్రాల నుంచి నీటిలో కలిపి గొట్టాల్లో పంపే బూడిద ఏళ్ల తరబడి ఏటిలోకి కారి, ఒకప్పుడు రొయ్యలు దొరికిన మడుగులను మెరక చేసింది. ఇదే బూడిద దిబ్బలకు పనికివస్తుందని చెబితే అక్కడి బెస్తవారికి వెటకారంలా వినిపిస్తుంది. నిజానికి రెండూ ఒకటి కావు. ఏటిలో పేరుకున్నది తడిబూడిద. సిమెంటులో కలిసేది పొగగొట్టానికి ముందే విద్యుత్తుతో పట్టి ఆపిన పొడిబూడిద. అది పరీక్షకు నిలిచి కర్మాగారానికి వెళుతుంది. అమెరికాలో 1980లోనే లాంగ్ ఐలాండ్ దగ్గర బొగ్గు బూడిద దిమ్మలతో ప్రయోగాత్మకంగా ఒక దిబ్బ కట్టి చూశారు.

బుధవారం, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన ఒక యార్డు

మహాబలిపురం దారిలో దిమ్మలు పోత పోసే యార్డుకు పొద్దున్నే వెళ్లాను. ఇంజనీరుది మంగళగిరి, మేస్త్రీది తెనాలి పక్క పల్లె. వారిద్దరూ ఒకరినొకరు ‘సార్’, ‘మేస్త్రీగారూ’ అనుకుంటూనే సిమెంటు పాలు ఎంతన్న దానిమీద గంటసేపు వాదించుకున్నారు. యార్డులో మూడు రకాల దిమ్మలున్నాయి: పక్కలు ఖాళీగా ఉన్న త్రికోణాలు, బావి వరలు, పెద్ద కన్నాల గూళ్లు. తమిళనాడు తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దించుతూ వచ్చిన నమూనాలు కూడా ఈ కోవకు చెందినవే.

నేను తెచ్చుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది, అదీ నేను ఊహించని చోట. కూల్చిన ఇళ్ల కంకరతో దిమ్మలు పోయవచ్చా అని అడిగితే ఇంజనీరు రెండు ప్రమాణాలను పక్కపక్కన పెట్టి చూపించాడు. కంకరకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 తన 2016 కూర్పులో పాత కాంక్రీటు కంకరను అనుమతించింది. ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం దాకా, ఇనుము వేసినదానిలో 20 శాతం దాకా కలపవచ్చు, కానీ ఇనుము వేసినదైతే కాంక్రీటు బలం ఎం25 గ్రేడుకు మించకూడదు. కాంక్రీటు పనికి సంబంధించిన ఐఎస్ 456 ఏమో సముద్రపు నీటిలో ఉండే ఇనుప కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలంటుంది, ఇనుము లేనిదైతే ఎం20 చాలంటుంది. రెండూ కలిపి చదివితే తేలేది ఇది: పాత కంకర వేసిన దిమ్మలో ఇనుము ఉండకూడదు. ఇనుము లేకపోతే దిమ్మ సన్నని పలకలతో నిలబడదు, మందంగా, గుండ్రంగా, తన బరువును తానే నొక్కుకుని మోసేలా ఉండాలి. అంటే బావి వర ఉన్న ఆకారం అన్నమాట. పల్లెల్లో తరతరాలుగా పోస్తున్న వర ఇంజనీరుగారి లెక్కకు సరిగ్గా దొరికింది. మేస్త్రీ ఆ మాట విని మీసం దువ్వుకున్నాడు.

ఇనుము ఎందుకంత ఇబ్బంది అంటే, ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు రంధ్రాల గుండా లోపలికి చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుని కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. ఇనుము లేని దిమ్మకు ఆ చావు లేదు.

“మరి రీసైక్లింగ్ అంతా నాలుగోవంతు కంకరేనా?” అన్నాను.

“అసలుది కంటికి కనిపించదు సార్, సిమెంటులో ఉంది” అన్నాడు ఇంజనీరు. బూడిద కలిసిన పోజొలానా సిమెంటులో 35 శాతం వరకు బూడిద ఉండవచ్చు. ఉక్కు కర్మాగారాల చిట్టెంతో చేసిన స్లాగ్ సిమెంటులో చిట్టెం 70 శాతం వరకు వెళుతుంది. సముద్రంలో కట్టేవాటికి ఇవే మేలని ఐఎస్ 456 కూడా అంటుంది. మామూలు సిమెంటు గడ్డకట్టేటప్పుడు సున్నం మిగిలిపోతుంది. అది నీటిలోకి ఊరుతూ దిమ్మ పైతలాన్ని క్షారంగా ఉంచుతుంది. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1, కొత్త కాంక్రీటు రంధ్రాల్లోని నీటిది 12 దాటుతుంది. అంత ఘాటైన గోడమీద అంటుకోవడానికి గుల్లల పిల్లలు జంకుతాయి. బూడిదలోని సిలికా ఆ మిగిలిన సున్నంతో కలిసి గట్టిపడటం వల్ల ఊరే సున్నం తగ్గుతుంది, రంధ్రాలూ సన్నబడతాయి. దీనికి బదులు గట్టిపడటం నెమ్మదిస్తుంది కనుక ఎక్కువ కాలం తడిపి ఉంచాలి. కాంట్రాక్టరుకు నచ్చనిది ఆ ఆలస్యమే.

మాటలతో సరిపెట్టకుండా అతను పగిలిన వర ముక్క తెప్పించి, పగులు మీద ఫినాఫ్తలీన్ చల్లాడు. ముక్క మధ్య భాగమంతా క్షణంలో ముదురు గులాబీ రంగు తిరిగింది. అంచున గోరు మందాన మాత్రం రంగు రాకుండా బూడిదరంగులోనే ఉండిపోయింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి అంతమేరకు క్షారం చచ్చిందని అర్థం. ఇంటి స్లాబులో ఇలా జరిగితే లోపలి ఇనుముకు ముప్పు. ఇనుములేని దిమ్మకు అదే మేలు, సముద్రజీవి తాకేది ఆ పొరనే కదా. కాబట్టి దిమ్మలను పోసిన వెంటనే దించకుండా యార్డులో ఎండకూ వానకూ వదిలేయడం సోమరితనం కాదు, పనిలో భాగం.

మేస్త్రీ చూపించినవి వేరు. అచ్చులకు ఇంజను నూనె పూయనివ్వడు, కొబ్బరినూనె మడ్డి పూస్తాడు. పైతలాన్ని తాపీతో నున్నగా లాగనివ్వడు, గరుకు ఉంటేనే గుల్ల పట్టు దొరికించుకుంటుందని. కన్నాలు రెండు వైపులా తెరిచి ఉండాలంటాడు, లోపలికి దూరిన తాబేలు వెనుదిరగలేక ఊపిరాడక చస్తుందని. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం ఇది కనుక ఆ జాగ్రత్త అవసరమే.

గురువారం, కోవళం

ఫైబర్ పడవలో ఆరింటికే బయలుదేరాము. మధ్యాహ్నం దక్షిణపు గాలి లేస్తే నీరు కలక తేలుతుందని పడవవాళ్లు ముందే హెచ్చరించారు. పడవ నడిపే తమిళ తమ్ముడి దగ్గర జీపీఎస్ ఉంది. అయినా అతని తండ్రి మాత్రం ఒడ్డున రెండు గురుతులను ఒక వరసలోకి తెచ్చుకుని, పక్కనుంచి మహాబలిపురం దీపస్తంభాన్ని ఇంకో గీతగా పెట్టుకుని, యంత్రం చెప్పక ముందే ‘ఇంగే’ (ఇక్కడే) అని ఇంజను ఆపమన్నాడు. సహజమైన రాతి నేలను వీరు ‘పారు’ అంటారు. కాంక్రీటు దిబ్బనూ ఇప్పుడు అదే పేరుతో పిలుస్తున్నారు. లోతు పదకొండు బారలు.

చెన్నై ఎదుట సముద్రపు అడుగు ఎక్కువ మేర ఇసుక, బురద. ఏరుల బురదకూ ఈశాన్య రుతుపవనాల కలకకూ ఇక్కడ పగడాల దిబ్బలు పెరగవు. అందుకే గట్టి నేల దొరికితే చాలు, దానికోసం కాచుకున్న ప్రాణులన్నీ వచ్చి వాలతాయి. కానీ బురద మెత్తనైతే దిమ్మ దిగబడిపోతుంది. ఇసుకలో కూడా కెరటాల ఒరవడికి దిమ్మ చుట్టూ గుంతపడి మెల్లగా కూరుకుపోతుంది. దించే ముందు అడుగును సోనార్‌తో చూసేదీ, మట్టి తీసి పరీక్షించేదీ అందుకే. డబ్బు చాలనప్పుడు మొదట కోతపడేదీ ఆ పరీక్షేనని పడవలో కూడా అన్నారు.

తాడుకు కట్టిన కెమెరాను దించి చిన్న తెరమీద చూశాము. చాలాసేపు పచ్చని మసక తప్ప ఏమీ లేదు. తరువాత ఒక వర అంచు కనిపించింది. కాంక్రీటు జాడ లేదు. అంచంతా గుల్లలు, ఆల్చిప్పలు, వాటి మీద స్పంజికలు, వాటి సందుల్లో ఈకల వంటి హైడ్రాయిడ్‌లు. లోపలి నీడలో ఇక్కడ ‘సంకరా’ అని పిలిచే పసుపు చారల చిన్న చేపలు ఒకే దిక్కుకు తలపెట్టి నిలిచి ఉన్నాయి. వాటి వెనుక ఒక కలవా (గ్రూపర్) చేప కదలకుండా పడుకుని ఉంది. ఒక దిమ్మ చూరుకు కనవాయి (కటిల్‌ఫిష్) గుడ్లు ద్రాక్షగుత్తిలా వేలాడుతున్నాయి. కనవాయికి గుడ్లు అతికించడానికి గట్టి ఆధారం కావాలి, అది ఇసుకలో దొరకదు. ఈ అవసరాన్నే కర్ణాటక తీరంలో కొందరు ఎరగా చేసుకున్నారు. కొబ్బరి మట్టలు కట్టి దించి, గుడ్లు పెట్టవచ్చిన తల్లులనే పట్టేశారు. దిబ్బకూ ఉచ్చుకూ తేడా అడుగున దించిన వస్తువులో ఉండదు, పైన తేలే పడవలో ఉంటుంది.

కెమెరా ఇంకొంచెం తిరిగేసరికి త్రికోణపు దిమ్మ ఒకదానికి నైలాన్ వల పేలిక చుట్టుకుని కనిపించింది. అందులో ఒక పీత చచ్చి పెంకు మాత్రం మిగిలి ఉంది. తండ్రి ముఖం చిట్లించి, గాలం తప్ప వేరేది వేయకూడదని ఊళ్లో అనుకున్న కట్టుబాటు చెప్పాడు. పక్క ఊరివారు ఆ కట్టుబాటులో లేరని కొడుకు అందించాడు.

శుక్రవారం, నగరంలో

శాంథోమ్ రోడ్డులోని మత్స్య పరిశోధన సంస్థ శాఖకూ, పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకూ వెళ్లి వచ్చాను. ట్రాఫిక్‌లో పోయినంత సేపు మాటల్లో పోలేదు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీర రాష్ట్రాలన్నిటా దిబ్బలు దించే పని ఊపందుకుంది. తూత్తుకుడి దగ్గర కరిగిపోతున్న వాన్ దీవి ముందు కూడా 2015 నుంచి దిమ్మలు దించి అలల తాకిడి తగ్గించారు. దిబ్బ చేపలను పుట్టిస్తుందా, లేక చుట్టుపక్కల ఉన్నవాటిని ఒక్కచోటికి పోగేసి పట్టడం సులువు చేస్తుందా అన్నది శాస్త్రజ్ఞుల్లో పాత వాదం. నాకు తోచినంతలో, చేపలు పోగైన చోటు కనుక అది ముందుగా వేటకే ఉపయోగపడుతుంది. పుట్టించడం చేపను కొంతకాలం వదిలేస్తేనే జరుగుతుంది. దిబ్బ పేరుతో చెత్త పారబోయకూడదని, సముద్రంలో వ్యర్థాలు పోయడాన్ని నియంత్రించే లండన్ ఒడంబడిక సంస్థలు, ఐరాస పర్యావరణ కార్యక్రమం కలిసి 2009లో మార్గదర్శకాలు ఇచ్చాయి. కాసిమేడు టైరు చూశాక అవి ఎందుకు రాశారో వివరించనక్కర్లేదు.

శనివారం, పులికాట్

లోకల్ రైల్లో పొన్నేరి, అక్కడి నుంచి బస్సు. 1613లో డచ్చివారు కోట కట్టుకున్న ఊరిది. ఇప్పుడు సరస్సు గట్టున తెలుగూ తమిళమూ ఒకే వాక్యంలో కలిసి వినిపిస్తాయి. రేవులో మద్రాసు పేరే శాస్త్రీయనామంలో పెట్టుకున్న ఆలిచిప్ప, క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్, గుంజలకు పట్టి ఉంది. ఈ జాతి పిల్ల అంటుకోవడానికి తన పెద్దల పెంకునే ఎక్కువగా ఎంచుకుంటుంది. న్యూయార్క్‌లో 2014లో మొదలైన ‘బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్’ హోటళ్లలో తిని పారేసిన చిప్పలను పోగేసి, ఆరుబయట ఏడాది పాటు ఎండబెట్టి, నీటిలో తిరిగి వేస్తోంది. పులికాట్‌లో చిప్పలు ఒకప్పుడు సున్నపు బట్టీలకు పోయాయి. నేను చూసిన వ్యర్థాలన్నింటిలోనూ సముద్రానికి ఏ సంజాయిషీ చెప్పకుండా తిరిగి ఇవ్వదగ్గది ఇదొక్కటే.

ముఖద్వారానికి అవతల దిబ్బ దించితే ఎలా ఉంటుందన్న మాట మీద చావడి దగ్గర చర్చ సాగింది. తడ వైపు నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన, “సరస్సులో పాడు ఉండాది కదయ్యా, చీటీ తీసి ఎవురి వంతు ఏడనో పంచుకుంటాం. ఆ దిబ్బకీ అదే పెట్టండి” అన్నాడు. రొయ్యల వలలకు చోట్లు వంతులవారీగా పంచుకునే ఆ ‘పాడు’ పద్ధతి ఇక్కడ తరాలుగా నడుస్తోంది. సముద్రం మన సరస్సు కాదు మామా, బయట పడవలు ఎక్కడినుంచైనా వస్తాయి, వంతు ఎవరు కాస్తారు అని ఒక యువకుడు అడ్డుతగిలాడు. కాసేపటికి మొదటి రెండేళ్లు ఎవరూ వేటాడకూడదనీ, తరువాత గాలం మాత్రమేననీ ఒప్పుకున్నారు. పీతవలల వారికి దిబ్బ నుంచి ఎంత దూరం హద్దు పెట్టాలన్న దగ్గర మాట తెగలేదు. వంద బారలని ఒకరు, మూడు వందలని ఇంకొకరు పట్టుబట్టారు. నిషేధం అయ్యాక నాలుగూళ్ల పెద్దలనూ పిలిచి మళ్లీ కూర్చుందామని చెప్పి లేచారు.